వుజూ చేసే చేతికి తెలియాలి

చర్మం క్యాన్సర్ అనగానే మనవాళ్లు ‘అది తెల్లోళ్ల బీమారీ, మనకెందుకొస్తుంది’ అంటారు. అందులో సగమే సచ్. మన చర్మంలోని నలుపు ఎండ నుంచి చాలావరకు కాపాడుతుంది. కానీ పెదవి మీద ఆ నలుపు తక్కువ, చర్మం పల్చన. ఎండ ఎక్కువగా పడేది కింది పెదవి మీదే. బీడీ ఆనేదీ అక్కడే.

విలేఖరిగా నా తిరుగుడంతా తెనాలి, బాపట్ల, రేపల్లె మధ్యనే. ఎక్కడ చూసినా మన మర్దులు ఎండలోనే ఉంటారు. పండ్ల బండి తోసేవాళ్లు, తాపీ మేస్త్రీలు, లారీల కింద దూరే మెకానిక్కులు, హమాలీలు. పని మధ్యలో ఆరామ్ అంటే ఒక బీడీ. ఎండా పొగా రెండూ ఒకే చోట పనిచేస్తున్నాయన్న ఖయాల్ ఎవరికీ ఉండదు.

చర్మం క్యాన్సర్లలో స్క్వామస్ సెల్ అనేది ఒక రకం. చాలా అధ్యయనాల్ని కలిపి 2012లో లెక్కగడితే, పొగతాగేవాళ్లలో అది సుమారు ఒకటిన్నర రెట్లు ఎక్కువని తేలింది. బేసల్ సెల్ అనే ఇంకో రకానికి పొగతో అలాంటి తాల్లుఖ్ కనిపించలేదు. పెదవి మీదా నోట్లోనూ వచ్చేది ఎక్కువగా ఈ స్క్వామస్ రకమే. ఉత్తరాంధ్రలో చుట్ట నిప్పుకొసని నోట్లో పెట్టుకుని పీల్చే ‘అడ్డపొగ’ ఆదత్ ఉంది, ఆడవాళ్లలో మరీ ఎక్కువ. ఆంధ్రా పల్లెల్లో 10,169 మంది నోళ్లు చూసి, అడ్డపొగ అంగిలిని ఏం చేస్తుందో 1971లోనే డాక్టర్లు రాశారు. అంటే ఈ ఖబర్ మన గడ్డ మీదే పుట్టి యాభై ఏళ్లు దాటింది.

అయినా ఆలస్యం ఎందుకవుతోంది? నా మాట వినండి, షరమ్ వల్ల. కొడుకు సిగరెట్‌ని అబ్బాకి కనపడకుండా దాస్తాడు. అబ్బా పుండుని కొడుక్కి కనపడకుండా దాస్తాడు. దాన్ని మీసం, గడ్డం ఇంకాస్త దాస్తాయి. అమ్మీ చూసినా ‘వేడి చేసిందిలే’ అని సర్దుకుంటుంది. నొప్పి లేదు కాబట్టి ఫికర్ లేదు. అసలు ధోఖా అదే, మొదట్లో చాలాసార్లు నొప్పి ఉండదు.

రోజుకి ఐదుసార్లు వుజూ చేసే ఖౌమ్ మనది. చెయ్యి ముఖమంతా తిరుగుతుంది, నోట్లో నీళ్లు తిరుగుతాయి. ఇంత దగ్గరగా తన నోటిని ఐదు పూటలా తాకే మనిషికి రెండు వారాలైనా మానని జఖమ్ తెలియకుండా పోతుందా? తెల్లమచ్చ, ఎర్రమచ్చ, గట్టిపడిన చోటు, ఊరికే రక్తం కారడం, వీటిలో ఏది ఉన్నా పళ్ల డాక్టరుకైనా చూపించండి. గుంటూరు జీజీహెచ్‌లో క్యాన్సర్ విభాగం ఉంది. ‘ముక్క తీస్తే పాకుతుంది’ అనే మాట వట్టి వహమ్. ముక్క తీసి పరీక్ష చేస్తేనే బీమారీ ఏదో తెలిసేది. తొందరగా దొరికితే చాలామందికి చిన్న ఆపరేషన్‌తో పోతుంది. ఆలస్యమైతే మెడ గడ్డలదాకా వెళ్తుంది.

పొగాకు మక్రూహా, హరామా అన్న బహస్ ఉలమాలకి వదిలేద్దాం. ఒళ్లు అమానత్ అన్నదాంట్లో ఇఖ్తిలాఫ్ లేదు కదా. రంజాన్‌లో సహెరీ నుంచి ఇఫ్తార్ దాకా బీడీ లేకుండా ఉండగలిగినవాడికి మానెయ్యడం నాముమ్‌కిన్ కాదు, కష్టం మాత్రమే. ఆ కష్టంలో మదద్ కావాలంటే 1800-11-2356కి ఫోన్ చెయ్యొచ్చు, పైసా ఖర్చు లేదు. బీడీకట్ట తెమ్మని పిల్లల్ని దుకాణానికి పంపడం ఈ రోజే ఆపండి. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకి అమ్మడం 2003 చట్టం ప్రకారం నేరం.

ఇమాం సాహెబులకి నా గుజారిష్ ఒక్కటే. జుమా బయాన్‌లో రెండు నిమిషాలు ఈ జఖమ్ గురించి చెప్పండి. మీ నోటి నుంచి వస్తే షరమ్ తగ్గుతుంది. ఇక ఇంట్లో అమ్మీలు, ఆపాలు: ఆయనకి కోపమొస్తుందని ఊరుకోకండి. అడగండి, వెంటబెట్టుకుని తీసుకెళ్లండి.