ఇల్లాలు కూడా చూడాలిగా!

సెలవులొచ్చాయంటే చాలు, పిల్లల నోట ఒకటే మాట. "అమ్మా, హైదరాబాద్ వెళ్దాం!" పిడుగురాళ్ల వాళ్ళకి హైదరాబాద్ మరీ దూరాభారమేం కాదు. పొద్దున్నే పల్నాడు ఎక్స్‌ప్రెస్ ఎక్కితే భోజనాల వేళకు ముందే సికింద్రాబాద్‌లో దిగొచ్చు. సున్నం బట్టీల పొగకి నాలుగు రోజులు దూరంగా ఉన్నట్టూ ఉంటుంది. అంతా బాగానే ఉంది గానీ, తిరిగొచ్చాక ఏ ఇల్లాలినైనా ఏమేం చూశావని అడిగి చూడండి. "ఏం చూశానో ఏమో! వీళ్ళని చూసుకోవడంతోనే సరిపోయింది" అంటుంది.

నవ్వేసి ఊరుకునే మాటేనా ఇది? ప్రయాణానికి రెండ్రోజుల ముందు నుంచే ఆవిడకి పని మొదలు. జంతికలు వండాలి, బట్టలు సర్దాలి, అత్తగారి మాత్రలు గుర్తుపెట్టుకోవాలి. తీరా వెళ్ళాక మ్యూజియం బయట సంచుల కాపలా, కోట కింద అత్తగారికి తోడు. చుట్టాలింట్లో దిగితే పొద్దున్నే చపాతీల పీట ముందు కూర్చోవాలి. టిక్కెట్టు డబ్బులు మాత్రం ఆవిడకీ అయ్యాయి!

అందుకే బయల్దేరే ముందే ఇంటిల్లిపాదీ కూర్చుని ఓ కాగితం మీద రాసుకోండి. ఒక్కొక్కరు తప్పకుండా చూడాలనుకున్న చోటు ఒకటి చెప్పాలి. అమ్మ కూడా చెప్పాలి. "మీ ఇష్టమే నా ఇష్టం" అంటే కుదరదు. ఏ రోజు ఎక్కడికో కూడా అప్పుడే అనుకోండి. సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు, జూపార్కుకి సోమవారం సెలవు. అంత దూరం వెళ్ళి మూసిన గేటు చూసి రావడం ఎందుకు?

సామాన్ల సంగతి. పదేళ్ళు దాటిన ప్రతి పిల్లకీ, పిల్లాడికీ ఎవరి సంచి వాళ్ళదే. తన బట్టలు, తన నీళ్ళ సీసా తనే మోసుకోవాలి. రైల్లోకి మధ్యాహ్నం దాకా పులిహోర చాలు. పెద్దవాళ్ళకి పెరుగన్నం కావాలంటే అన్నం మెత్తగా వండి, చల్లారాక కాచిన పాలు ఎక్కువ పోసి, రెండు చెంచాల పెరుగు కలపండి. తినే వేళకి తోడుకుని కమ్మగా ఉంటుంది, పులవదు. ఊళ్ళో దిగాక మాత్రం హోటల్లో తినండి. ఆ నాలుగు రోజులైనా మీ చేతికి సెలవివ్వండి.

ఇంకో మాట, మొహమాటం లేకుండా చెప్పుకోవాల్సింది. బాత్రూం ఎక్కడ దొరుకుతుందోనని పొద్దుట్నుంచీ గుక్కెడు నీళ్ళు తాగని ఆడవాళ్ళు మనలో ఎంతమందో! ఎండలో అలా తిరిగితే కళ్ళు తిరుగుతాయి, మూత్రంలో మంట మొదలవుతుంది. మ్యూజియంలోనో, భోంచేసిన హోటల్లోనో వీలు చూసుకుని, ఆ తర్వాతే బజార్లలోకి అడుగుపెట్టండి. నీళ్ళు మాత్రం మానకండి.

బస్సు విషయం కూడా ముందే తెలిస్తే మంచిది. 2023 డిసెంబరులో తెలంగాణ బస్సుల్లో మొదలైన ఉచిత ప్రయాణం ఆ రాష్ట్రం ఆడవాళ్ళకే. మనం టిక్కెట్టు తీసుకోవాలి.

ఇక చూడ్డం. సాలార్‌జంగ్ మ్యూజియంలో సామాన్లు పెట్టుకునే గది ఉంది. సంచులు అక్కడిచ్చేసి మీరూ లోపలికి నడవండి. మేలిముసుగు రెబెక్కా విగ్రహాన్ని తీరిగ్గా చూడండి. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కినది, 1876లో మొదటి సాలార్‌జంగ్ కొన్నది. రాతి ముసుగులోంచి ముఖం కనిపిస్తుంటే ఎవరు మాత్రం కదలగలరు? పన్నెండు కొట్టే ముందే గడియారం దగ్గర చోటు పట్టుకోండి. చిన్న బొమ్మ బయటికొచ్చి పన్నెండు గంటలూ కొట్టి వెళ్తుంది.

గోల్కొండలో మెట్లు చాలా ఉన్నాయి. అత్తగారు ఎక్కలేకపోతే ఆవిడ దగ్గర ఎప్పుడూ కోడలే ఉండిపోవాలా? ముందు మీరు పిల్లలతో పైకెళ్ళి రండి, తర్వాత మీవారు వెళ్తారు. కింద ద్వారం దగ్గర చప్పట్లు కొడితే పైన వినిపించడం ఆ కోట ప్రత్యేకత. నానమ్మ కింద చప్పట్లు కొడితే పైనున్న మనవడు వింటాడు. ఆవిడకీ సరదాయే.

1591లో కులీ కుతుబ్‌షా కట్టించిన చార్మినార్ దగ్గర పిల్లలకో మాట చెప్పండి. ఆ రాళ్ళని పట్టి ఉంచింది సిమెంటు కాదు, సున్నం. ఆ అందమైన గచ్చు పనీ సున్నంతోనే. సున్నం ఊరి పిల్లలకి అది విన్నాక చార్మినార్ కొంచెం దగ్గరిదైనట్టుంటుంది. పక్కనే లాడ్ బజారు. గాజులు బేరమాడేటప్పుడు పిల్లల చెయ్యి మీవారు పట్టుకుంటారు. ఆ అరగంట మీది.

సాయంత్రం హుస్సేన్‌సాగర్ గట్టున కూర్చోండి. నీళ్ళ మధ్య నిలబడ్డ బుద్ధుడు 1990లో పడవ మునిగి అడుక్కి వెళ్ళిపోయాడు. కొందరి ప్రాణాలూ పోయాయి. మళ్ళీ పైకి తీసి 1992 డిసెంబరులో నిలబెట్టారు. ఆ కథ పిల్లలకి వాళ్ళ నాన్నని చెప్పమనండి. మీరు ఊరికే కూర్చుని దీపాలు చూడండి.

ఆ కాగితం తయారయ్యాక ఒక్కసారి సరిచూసుకోండి, మీ పేరు పక్కన చోటు ఖాళీగా ఉందేమో. ఉంటే, ముందు అది నింపాకే రైలు టిక్కెట్లు తీయమనండి. ఏమంటారు?