అడవి అన్నం పెట్టునా?

కరువు వచ్చినా కందమూలాలతో ప్రాణం నిలుపుకోవచ్చునని కడుపు నిండినవారు తేలికగా అంటుంటారు. నల్లమల చెంచుల జీవితం ఎరిగినవారు ఆ మాట అనలేరు. హైమన్‌డార్ఫ్ 1943లో వెలువరించిన గ్రంథంలో వారి అన్వేషణను సవిస్తరంగా వర్ణించాడు. తీగ జాడ పట్టి, ఇనుపమొన గల కోలతో రాతినేలను పెకలించితే గాని దుంప చేతికి రాదు. అది ఇచ్చే బలంలో కొంత దానిని త్రవ్వుటకే వ్యయమవుతుంది. పైగా కొన్ని దుంపలు ఉడికించి, నానబెట్టి విషం తీయనిదే తినరానివి. ఆ వివేకం తల్లి వెంట నడిచిన బిడ్డకు అబ్బుతుంది. ఆకలితో పరుగెత్తి వచ్చిన బాటసారికి అబ్బదు. చెంచులు చిన్న చిన్న పెంటలుగా చెదరి నివసించడానికి కారణం కూడా ఇదే. పది కుటుంబాలను సాకే కొండ పదివేల మందిని సాకగలదా? వాన లేని ఏట దుంపతీగ మాత్రం పచ్చగా ఉంటుందా?

1832-33 నాటి గుంటూరు కరువులో సుమారు ఐదు లక్షల జనాభాలో లక్షన్నరకు పైగా మరణించారని అంచనా. గంజి కోసం ఎందరో మద్రాసు బాట పట్టారు. ఎందరో ఆ బాటపైనే కూలిపోయారు. అట్టివారికి ధాన్యం పంచవలసిన పాలకులు అడవిని చూపడం బాధ్యతను తప్పించుకోవడమే. అడవిని అంతగా ఎరిగిన చెంచులు సైతం తేనె, అటవీ సరుకులు ఇచ్చి మైదానం నుండి ధాన్యం తెచ్చుకొనేవారు.