పరదేశంలో చదువు, స్వదేశం మీద నిషేధం

మన దేశంలో ఒక నిబంధనను అర్థం చేసుకోవాలంటే అది ఏం చెబుతున్నదో చూసేముందు ఎవరికి చెబుతున్నదో చూడాలి. 2022 ఫిబ్రవరిలో కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ తన నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ నిబంధనల్లో ఒక వాక్యం చేర్చింది. భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారతదేశాన్ని గురించిన సామాజిక అధ్యయనాలు - ఈ విషయాలు చదవదలచినవారికి ఈ స్కాలర్‌షిప్ ఇవ్వబడదని దాని సారాంశం. విదేశం వెళ్లు, కాని నీ దేశాన్ని గురించి మాత్రం అక్కడ అడగకు, అని.

ఎవరితో అన్నారీ మాట? షెడ్యూల్డు కులాలవారితో, విముక్త, సంచార, అర్ధసంచార జాతులవారితో, భూమిలేని వ్యవసాయ కూలీల పిల్లలతో, సంప్రదాయ చేతివృత్తులవారి పిల్లలతో. ఇంటి ఆదాయం ఏడాదికి 8 లక్షలు దాటకూడదు. ఆ సంవత్సరం దేశం మొత్తానికి కేటాయించినవి 125, అందులో 115 షెడ్యూల్డు కులాలకు. పథకం కొత్తది కాదు, 1954-55 నుంచీ నడుస్తున్నది. దాదాపు ఏడు దశాబ్దాలపాటు ఎవరికీ తట్టని ప్రమాదం 2022లో తట్టింది. సొంత డబ్బుతో వెళ్లే భాగ్యవంతుల బిడ్డ కేంబ్రిడ్జిలో కూర్చుని కులాన్ని గురించి రాసుకోవచ్చు, గుడులను గురించి రాసుకోవచ్చు, తాతగారి జమీందారీని గురించి కూడా రాసుకోవచ్చు. కులం వల్ల బాధపడినవాడు మాత్రం కులాన్ని గురించి రాయరాదు. నిబంధనలో ఉన్న న్యాయం ఇదే. మంత్రిత్వ శాఖ పేరులోనూ న్యాయమనే మాట ఉన్నది!

దీనికి అధికారులు చెప్పిన సమాధానం పైకి సబబుగానే కనిపిస్తుంది. మన చరిత్ర, మన సంస్కృతి చదవడానికి విదేశీ విశ్వవిద్యాలయమెందుకు? కావలసిన పుస్తకాలూ పండితులూ ఇక్కడే ఉన్నారు. ఆ డబ్బూ ఆ కాలమూ వేరే శాస్త్రాలకు వినియోగిస్తే మేలు గదా, అని. మా కళాశాల స్టాఫ్ రూములో కూడా ఈ మాట అన్నవారున్నారు. వారు దుర్మార్గులు కారు. అందుకనే ఈ వాదాన్ని కొంచెం ఓపికగా పరిశీలించాలి.

1913లో బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ ఒక యువకుడికి నెలకు 11న్నర పౌండ్ల చొప్పున మూడేళ్లపాటు స్కాలర్‌షిప్ ఇచ్చి న్యూయార్కు పంపాడు. తిరిగివచ్చి పదేళ్లు సంస్థానానికి కొలువు చేయాలని పత్రం రాయించుకున్నాడు. అంతేగాని, ఏం చదవకూడదో రాయించుకోలేదు. ఆ యువకుడు కొలంబియా విశ్వవిద్యాలయంలో 1915లో ఎం.ఏ.కు తీసుకున్న విషయం ప్రాచీన భారత వాణిజ్యం. 1916 మే 9న గోల్డెన్‌వైజర్ సెమినారులో చదివిన పత్రం భారతదేశంలో కులాల పుట్టుకను గురించి. 1927లో కొలంబియా అతనికి పిహెచ్.డి. ఇచ్చింది బ్రిటిష్ ఇండియాలో రాష్ట్రాల ఆర్థిక వ్యవస్థ ఎట్లా పరిణమించిందో రాసినందుకు. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో 1923లో డి.ఎస్‌సి. తెచ్చిపెట్టింది రూపాయి సమస్య. అంబేడ్కరు ఆనాడు ముట్టుకున్నదల్లా భారతదేశమే. 2022 నాటి వాక్యం 1913లో ఉండివుంటే ఎం.ఏ. వ్యాసం చరిత్ర కింద పోయేది, కులం మీది పత్రం సామాజిక అధ్యయనం కింద పోయేది. మిగిలిన రెంటినీ ఏదో ఒక కమిటీ ముందు పెట్టి వాదించుకోవలసి వచ్చేది. రాజరికపు సంస్థానం అడగని హామీని గణతంత్ర ప్రభుత్వం అడుగుతున్నది. అంబేడ్కరు విగ్రహాలకు పూలదండలు వేసే చేతులే ఈ నిబంధన కింద సంతకం చేశాయి.

ఆయన ఆ పత్రాన్ని బొంబాయిలో రాయలేకపోయేవాడా, అని అడగవచ్చు. రాసేవాడేమో. కాని వినేవారెవరు? తనను అంటరానివాడుగా చూడని గదిలో, మానవ శాస్త్రం నేర్చినవారి మధ్య నిలబడి, తన సమాజాన్ని ఒక వస్తువుగా ముందు పెట్టుకుని పరీక్షించే అవకాశం ఆయనకు అక్కడ దొరికింది. దూరం వల్ల వచ్చే చూపు అది. అధికారుల లెక్కలో పుస్తకాలున్నాయి, పండితులున్నారు, ఈ చూపు మాత్రం లేదు.

పోనీ, పుస్తకాల మాటే తీసుకుందాం. 1954లో అమెరికా పి.ఎల్. 480 అనే చట్టం చేసింది. దాని కింద మనకు గోధుమలు వచ్చాయి. వాటి ఖరీదు రూపాయల్లో ఇక్కడే జమపడింది. 1962 నుంచీ ఆ రూపాయల్లో కొంత వెచ్చించి, ఢిల్లీలో పెట్టిన అమెరికా కాంగ్రెసు గ్రంథాలయం కార్యాలయం ద్వారా భారతీయ భాషల పుస్తకాలు, పత్రికలు కొని అక్కడి విశ్వవిద్యాలయాలకు పంపారు. వాటిలో తెలుగువీ ఉన్నాయి. విజయవాడలో అచ్చయి, ఇక్కడి గ్రంథాలయాల్లో చెదలు తిన్న పుస్తకం చికాగోలో అట్ట చెదరకుండా కార్డు ఎక్కి వుండవచ్చు. మనం గోధుమలు తిన్నాము, వాళ్లు పుస్తకాలు దాచుకున్నారు. ఈ వర్తకాన్ని తప్పుపట్టేవారితో నాకు పేచీ లేదు. కాని వర్తకం జరిగిపోయింది, సరుకు అక్కడున్నది. దాన్ని చూడడానికి వెళ్లే దారిని పేదవాడి ముందు మూసి, అన్నీ ఇక్కడే ఉన్నాయంటే ఎట్లా?

ఇక్కడేమున్నదో నాకు కొంత తెలుసు. కేంద్ర విశ్వవిద్యాలయాల్లో నెట్ లేకుండా పిహెచ్.డి. చేసేవారికి యు.జి.సి. ఇస్తూ వచ్చింది నెలకు 8,000 రూపాయలు. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో చేరినవారికి అదీ లేదు. జూనియర్ రిసెర్చి ఫెలోషిప్పు 2023 జనవరి నుంచి 37,000 అయింది, నిజమే. అది దక్కేది ఎందరికి? మైనారిటీ విద్యార్థుల పరిశోధనకు ఇచ్చే మౌలానా ఆజాద్ ఫెలోషిప్పును ఎత్తివేసినట్లు అదే 2022 డిసెంబరులో లోకసభలో ప్రకటించారు. ఒకే ఏడాదిలో ఒక తలుపు సగం మూశారు, ఇంకొకటి పూర్తిగా మూశారు.

మా తిమ్మాజిపేట నాగర్‌కర్నూలు జిల్లాలో, జడ్చర్ల నుంచి నాగర్‌కర్నూలు వెళ్లే దోవన ఉన్నది. 2016కు ముందు మహబూబ్‌నగరు జిల్లా. జనం నోట ఎప్పటికీ పాలమూరు. పాలమూరు పేరు దేశమంతా ఎరుగుదురు, కాని సాహిత్యం వల్ల కాదు. ఆనకట్టలు కట్టిన చోట, కాలువలు తవ్విన చోట పాలమూరు లేబరు అనే మాట ఒక కులం పేరువలె స్థిరపడిపోయింది. గుంపు మేస్త్రీ ఊళ్లోకి వచ్చి అడ్వాన్సు ఇస్తాడు. ఆలుమగలు ఇద్దరూ ఆ బాకీ కింద కదులుతారు. ముసలివాళ్లూ బడిపిల్లలూ ఇంటి దగ్గర మిగులుతారు. తాము కట్టిన జలాశయాల నీళ్లు తమ పొలానికి రాక, మళ్లీ ఇంకొకరి జలాశయం కట్టడానికి వెళ్లారు. ఇప్పుడు పక్కనే వట్టెంలో జలాశయం వచ్చింది. దానికోసం భూమి పోయినవారి కథ వేరే ఉన్నది.

ఇట్లాంటి ఇంటి నుంచి వచ్చిన ఒక కుర్రవాడు నా దగ్గర డిగ్రీ చదివి, ఎం.ఏ. తెలుగు చేసి, పిహెచ్.డి.లో చేరాడు. తల్లిదండ్రులు మేస్త్రీ వెంట మహారాష్ట్ర పోయిన రోజుల్లో అవ్వ దగ్గర పెరిగినవాడు. పని చోట్ల ఆడవాళ్లు పాడుకున్న పాటలు, మేస్త్రీకీ కూలీకీ మధ్య నడిచే మాటలు, బాకీ లెక్కల్లో వాడే పదాలు - నాలుగు నోటు పుస్తకాలు నింపాడు. వలస కూలీల నోటి సాహిత్యాన్ని ఇతర దేశాల్లో ఎట్లా సేకరించారో, ఎట్లా భద్రపరిచారో ఒక మంచి విశ్వవిద్యాలయంలో నేర్చుకుని రావాలని అతని కోరిక. నిబంధన చదివిన తర్వాత పెద్దలిచ్చిన సలహాలు వినదగినవి. ఒకరు పేరు మార్చమన్నారు: పాలమూరు తీసి దక్షిణాసియా అని పెట్టు. ఒకరు శాఖ మార్చమన్నారు: పాటలు తీసివేసి పబ్లిక్ పాలసీ అను. ఇంకొకరు మరీ ఉదారులు, కంప్యూటరు కోర్సు చేయమన్నారు. కుర్రవాడు నాతో అన్నది ఒకటే మాట: "సార్, మా అమ్మ నాయిన పోయిన తొవ్వ రాయనీకి నా ఊరి పేరే దాచిపెట్టాల్నా?"

అబద్ధంతో మొదలుపెట్టించి అతణ్ణి సత్యాన్వేషణకు పంపుతారట!

ఇక ప్రభుత్వం ఇంకొక చేత్తో చేస్తున్నది చూడండి. 1950 ఫిబ్రవరి 2న నెహ్రూ, అమెరికా రాయబారి హెండర్సన్ సంతకాలు చేసిన ఒప్పందంతో మన దేశంలో ఫుల్‌బ్రైట్ కార్యక్రమం మొదలైంది. 2008 జూలై 4న కొత్త ఒప్పందం కుదిరి, ఖర్చులో భారత ప్రభుత్వం సమాన భాగస్వామి అయింది. పేరు ఫుల్‌బ్రైట్-నెహ్రూ అయింది. ఇక్కడ పిహెచ్.డి.లో చేరినవారు ఆరు నుంచి తొమ్మిది నెలలు అమెరికాలో పరిశోధన చేసుకునే ఫెలోషిప్పు అందులో ఉన్నది. భారతదేశ చరిత్ర మీద, సమాజం మీద పనిచేసేవారు ఆ దారిన వెళ్లి వస్తూనే వున్నారు. ఆ డబ్బులో సగం ఈ ప్రభుత్వానిదే. ఆ సగం పెట్టేటప్పుడు, ఇండియాను గురించి అమెరికాలో చదవడమేమిటని ఎవరూ అడగలేదు. ఆంగ్లంలో చక్కని ప్రతిపాదన రాయగల, అక్కడి ఆచార్యుడితో ముందే ఉత్తరాలు నడపగల, నగరపు విశ్వవిద్యాలయంలో చదివిన యువకుడు వెళ్తే అది సాంస్కృతిక వినిమయం. కూలీ కొడుకు వెళ్తే అది ప్రజాధనం దుర్వినియోగం!

వినిమయమన్న మాట వచ్చింది కనుక ఒక సంగతి చెప్పాలి. 1961లో ఏర్పడిన అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ స్టడీస్ వంటి సంస్థల సాయంతో అక్కడి యువకులు ఇక్కడికి వచ్చి, తెలుగు నేర్చి, మన గుడులను, మన కావ్యాలను, మన పల్లెలను చదివి వెళ్తున్నారు. వారిలో మన పండితులకన్న శ్రద్ధగా చదివినవారున్నారు. ఆ మాట ఒప్పుకోవడానికి నాకు నామోషీ లేదు. అయితే వినిమయమంటే రెండు వైపులా ఉండాలి గదా! పాలమూరు పిల్ల ఒకతె కాలిఫోర్నియా వెళ్లి అక్కడి పొలాల్లో పండ్లు కోసే మెక్సికో కూలీల మీద సిద్ధాంత గ్రంథం రాయడం ఎంత అరుదు! వాళ్లు మనను చదువుతారు. మనం మనను చదవడానికి వాళ్ల దగ్గరికి వెళ్తాం. వాళ్లను చదవాలని మనకు తోచదు. నిజంగా మన విషయం తప్ప మరొకటి చదవమనే సదుద్దేశమే ఉంటే ప్రభుత్వం ఆ దారి చూపవలసింది. అది చేయకుండా నిషేధం ఒక్కటి రాసి ఊరుకున్నది.

పైగా ఏది భారతదేశ విషయం? 2023 ఫిబ్రవరి 21న సియాటిల్ నగర మండలి కులవివక్షను నిషేధిస్తూ చట్టం చేసింది. అమెరికా నగరాల్లో అదే మొదటిది. మనవాళ్లు ఊరగాయ జాడీలతో పాటు కులాన్ని కూడా మోసుకుపోయినందుకు ఆ అవసరం వచ్చింది. ఆ చట్టం మీద పరిశోధన భారతదేశాన్ని గురించినదా, అమెరికాను గురించినదా? కులం సముద్రం దాటవచ్చు. కులాన్ని గురించిన ప్రశ్న మాత్రం ఢిల్లీ విమానాశ్రయంలో దిగిపోవాలి కాబోలు.

మన మిత్రుల్లో కొందరు ఇంకొక వైపు నుంచి వస్తారు. ఈ ఫెలోషిప్పులన్నీ సామ్రాజ్యవాదుల ఎర, పోకపోతేనే మంచిదంటారు. ఫుల్‌బ్రైట్ చట్టం 1946లో యుద్ధపు మిగులు సరుకు అమ్మిన డబ్బుతో పుట్టిందని నాకూ తెలుసు. డబ్బు పుట్టుక తెలిసివుండటం మంచిదే. కాని ఈ హెచ్చరికను వారు ఎవరికి చేస్తున్నారు? ఇంజనీరింగు చదివి అమెరికాలో స్థిరపడిన తమ బంధువులకు చేయగా నేను వినలేదు. భారత అభ్యుదయ రచయితల సంఘం ఆలోచన 1934-35లో రూపుకట్టింది లండనులోని భారతీయ విద్యార్థుల మధ్య. సజ్జాద్ జహీర్ అక్కడ చదువుకుంటున్నాడు, ముల్క్ రాజ్ ఆనంద్ 1929లోనే లండన్ విశ్వవిద్యాలయం నుంచి పిహెచ్.డి. పొందాడు. ఆ ఆనందే 1935లో ఒక పాకీవాడి ఒక రోజు జీవితాన్ని నవలగా రాశాడు. పరాయి చదువు అతనికి తన దేశపు వీధి కనపడకుండా చేయలేదు. 1943లో తెనాలిలో మన సంఘం ఏర్పడడానికి వెనుక ఆ లండను గది కూడా ఉన్నదని మరువరాదు.

ఇక డబ్బు మాట. 2025 జూలైలో ఈ స్కాలర్‌షిప్పుకు 106 మందిని ఎంపికచేసి, 40 మందికే తాత్కాలిక మంజూరు పత్రాలిచ్చి, తక్కినవారికి నిధులను బట్టి చూస్తామన్నారు. సెప్టెంబరులో తరగతులు మొదలయ్యే చోట జూలైలో ఈ మాట వింటే ఏ విశ్వవిద్యాలయం సీటు పట్టివుంచుతుంది? ఏ ఇంటివాడు అడ్వాన్సు లేకుండా గది ఇస్తాడు? గుంపు మేస్త్రీ కూడా కూలీని కదిలించే ముందు చేతిలో కొంత పెడతాడు.

నిబంధనలోంచి ఆ ఒక్క వాక్యం కొట్టివేయాలి. ఎంపికైనవారందరికీ ప్రయాణానికి కనీసం మూడు నెలల ముందు డబ్బు చేతికి రావాలి. తెలంగాణ ప్రభుత్వం అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద విదేశాల్లో చదివేవారికి 20 లక్షల దాకా ఇస్తున్నది, ఇక్కడే పిహెచ్.డి. చేస్తూ ఆరు నెలలు పరాయి గ్రంథాలయంలో పని చేసుకుని రాదలచినవారికి కూడా అందులో చోటు పెట్టాలి. తెలుగు, చరిత్ర, సమాజ శాస్త్రం చదివే పిల్లలకు ప్రతిపాదన రాయడం నేర్పే పని మన శాఖలది. మా కళాశాలలో ఆదివారాలు నేనూ ఇంగ్లీషు లెక్చరరూ కలిసి మొదలుపెట్టాము. ఇప్పటికి ఏడుగురు వస్తున్నారు. కుర్రవాడి ప్రతిపాదన మూడోసారి తిరగరాశాము. పేరులో పాలమూరు అట్లాగే ఉన్నది.