డబ్బా ముందు సీటీసీ.. వెనక ఇన్‌హ్యాండ్!

ఆఫర్ లెటర్ చేతికి రాగానే మన కళ్లు ఎక్కడికి వెళ్తాయి? నేరుగా సీటీసీ దగ్గరికి. అంకె పెద్దదైతే ఆ రోజు పండగే. 'అది కాదురా, వెనక అనెక్షర్ చూడు' అని సీనియర్ ఎవరో చెప్పేదాకా అసలు సంగతి తెలీదు. పీఎఫ్, గ్రాట్యుటీ, వస్తుందో రాదో తెలియని వేరియబుల్ పే అన్నీ కలిపి వేసిన అంకె అది. నెలాఖరుకు అకౌంట్లో పడేది వేరు.

మనం రోజూ తినే, తాగే ప్యాకెట్లూ ఇంతే. ముందు వైపు కనిపించేది సీటీసీ. వెనక వైపు చీమ తలకాయంత అక్షరాల్లో ఉండేది ఇన్‌హ్యాండ్.

2019లో బీటెక్ అయ్యాక అమీర్‌పేట హాస్టల్లో ఉండి కోచింగ్ తీసుకున్నాను. పొద్దున టిఫిన్ మానేసి రెండు టీలు, రాత్రి కోడింగ్ ప్రాక్టీసుకు తోడుగా ఒక ఎనర్జీ డ్రింకు. 'జాబ్ రానీ, అన్నీ సరిచేసుకుందాం' అనుకునేవాణ్ని. జాబ్ వచ్చింది, అలవాటు మారలేదు. పైగా జీతం పడ్డాక ఒక టిన్ను రెండయ్యాయి. 26 ఏళ్లకే కంపెనీ హెల్త్ చెకప్‌లో ఫ్యాటీ లివర్ అని తేలింది. నాకు మందు అలవాటు కూడా లేదు. ఫోన్ల మీద బ్లాగు రాసేవాణ్ని, పది స్పెక్స్ పోల్చి చూడందే ఏ ఫోనూ కొనను. రోజూ ఒంట్లోకి పోసుకునే దాని స్పెక్స్ మాత్రం ఒక్కసారీ చదవలేదు.

ఇది నా ఒక్కడి కథ కాదు. హైదరాబాద్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించి, 2025లో ఫలితాలు ప్రచురించారు. వారిలో దాదాపు 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు ఎక్కువగా ఉంది. గంటల తరబడి కూర్చోవడం, నిద్ర చాలకపోవడంతో పాటు తిండి అలవాట్లకూ ఇందులో వాటా ఉంది. మనం ఇప్పుడు పరిగెడుతున్నది ఆ కుర్చీల వైపే కదా!

ఒక్కసారి లెక్క వేద్దాం. చాలా ఎనర్జీ డ్రింకుల్లో 100 మిల్లీలీటర్లకు 11 గ్రాముల దాకా చక్కెర ఉంటుంది. అంకె చిన్నదే అనిపిస్తుంది. కానీ టిన్ను 250 మిల్లీలీటర్లు, అంటే 27.5 గ్రాముల దాకా. అదనపు చక్కెర రోజుకు 50 గ్రాములు దాటొద్దని, 25 లోపు ఉంటే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. ఒక్క టిన్నుతోనే ఆ మంచి హద్దు దాటేశాం.

ఇక కెఫీన్. మన నిబంధనల ప్రకారం ఇలాంటి టిన్నులో 75 మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చు. కప్పు టీలో 30 నుంచి 65 వరకు ఉంటుంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ రోజుకు 300 మించొద్దంటోంది. రెండు టిన్నులు, నాలుగు టీలు తాగే రోజున ఆ గీత దాటడం పెద్ద కష్టమేం కాదు. భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ, కాఫీలు వద్దని కూడా ఆ సంస్థ చెబుతోంది. వాటిలోని ట్యానిన్లు తిండిలోని ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వవు. అసలే రక్తం తక్కువున్న అమ్మాయిలు హాస్టల్లో ఈ ఒక్కటి పాటించినా మేలే.

జిమ్‌లో చేరగానే ప్రోటీన్ డబ్బా కొనేవాళ్లూ ఆగండి. 60 కిలోల మనిషికి రోజుకు సుమారు 50 గ్రాముల ప్రోటీన్ చాలు. గుడ్డులో 6 గ్రాములు, గుప్పెడు పల్లీల్లో 7 గ్రాములు ఉంటాయి. పప్పు, పెరుగు, పెసరట్టు ఎలాగూ ఉన్నాయి. మన మార్కెట్లో దొరికే 36 రకాల ప్రోటీన్ పొడులను ల్యాబ్‌లో పరీక్షించిన 2024 అధ్యయనంలో, దాదాపు 70 శాతం వాటిలో ప్రోటీన్ వివరాలు సరిగా లేవని తేలింది. అంటే కొన్నిసార్లు వెనక వైపు కూడా అబద్ధమే. గుడ్డుకు ఆ బాధ లేదు. డాక్టర్ పరీక్ష చేయించి రాసిన ఐరన్, విటమిన్ మాత్రలు వేరే సంగతి, అవి మానకండి.

'లేబుల్ చదివితే ఏమొస్తుంది?' అంటారా? హైదరాబాద్‌కు చెందిన పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్‌నే చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా ప్రకారం లీటరు ఓఆర్ఎస్‌లో గ్లూకోజ్ 13.5 గ్రాములే. పేరులో ఓఆర్ఎస్ అని పెట్టుకుని అంతకు ఎన్నో రెట్ల చక్కెరతో అమ్ముతున్న పానీయాలపై ఆమె ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో ఆహార భద్రత సంస్థ, ఆ ఫార్ములాకు సరిపోని పానీయాల పేర్లలో ఆ మూడక్షరాలు వాడొద్దని ఆదేశించింది. ఆ తేడా పట్టించేది డబ్బా వెనక వైపే.

మనం చేయాల్సింది అంత పెద్ద పనేం కాదు. ముప్పై సెకన్లు చాలు. అంకె 100 మిల్లీలీటర్లకా, మొత్తం సీసాకా చూడండి. పదార్థాల జాబితాలో ఎక్కువ ఉన్నదే ముందు రాస్తారు. మొదటి మూడింటిలో చక్కెర, లిక్విడ్ గ్లూకోజ్, ఇన్వర్ట్ సిరప్ లాంటివి కనిపిస్తే అక్కడే పెట్టేయండి. బదులుగా మజ్జిగ తాగండి, రాత్రి ఒక గంట ముందు పడుకోండి.

'జాబ్ వచ్చాక చూద్దాం' అని నేనూ అనుకున్నవాణ్నే. ఇప్పుడు ఆరు నెలలకోసారి లివర్ టెస్టు చేయించుకుంటున్నాను. మీరు ఈ సాయంత్రం షాపులో చేయి చాపినప్పుడు ఆ టిన్నును ఒక్కసారి వెనక్కి తిప్పండి చాలు.