కొత్త పుస్తకాలు: ముప్పై ఏడో సంపుటం కొన్న తమ్ముడు

పిల్లలూ!

ఈ నెల ఖానాపూరు నుంచి ఒక తమ్ముడు రాసిన ఉత్తరంతో మొదలుపెడదాం. అతను ఏడో తరగతి చదువుతున్నాడు. పండుగకు చుట్టాలిచ్చిన డబ్బు దాచుకుని, పట్నం వెళ్ళినప్పుడు ఒక దుకాణంలో జపాను బొమ్మల కథల పుస్తకం కొన్నాడట. ఈ బొమ్మల కథలను జపానువాళ్ళు 'మాంగా' అంటారు. కొత్తగా వచ్చిందని దుకాణంలో అందరికీ కనిపించేటట్టు పెట్టారు. అట్ట మెరిసిపోతున్నది. తీరా ఇంటికి తెచ్చి విప్పితే ఒక్క ముక్క అర్థం కాలేదు. ఎవరు ఎవరితో ఎందుకు పోరాడుతున్నారో తెలియదు. పైగా కథ చివరి నుంచి మొదటికి నడుస్తున్నట్టున్నది. వీపు మీద చూస్తే 37 అని అంకె ఉన్నది!

"గిన్ని పైసలు బొమ్మల పుస్తకానికా అని బాపు కోపం చేసిండు. ఇంకొక్కటి కొనిస్త, అది కూడ గిట్లనే ఉంటే మళ్ల అడుగొద్దు అన్నడు. అన్నా, తప్పు నాదా, పుస్తకానిదా? ఏది కొనాలె?" అని అడిగాడు.

తమ్ముడూ, తప్పు నీదీ కాదు, పుస్తకానిదీ కాదు. మాంగా ఎలా తయారవుతుందో నీకు ఎవరూ చెప్పలేదు, అంతే.

జపానులో ఈ కథలు ముందు వారపత్రికల్లో, మాసపత్రికల్లో ధారావాహికలుగా వస్తవి. 1947 జూలైలో మొదలైన మన 'చందమామ'లో కూడా ధారావాహికలు వచ్చేవి గదా, అలాగే. కొన్ని భాగాలు పూర్తి కాగానే వాటిని ఒక సంపుటంగా కుట్టి అమ్ముతారు. కథ ముగియకపోతే సంపుటాలు పెరుగుతూనే ఉంటవి. 'వన్ పీస్' అనే ఓడదొంగల కథ 1997లో మొదలైంది. దాని నూరవ సంపుటం 2021లో వచ్చింది! కాబట్టి కొత్త సంపుటం అంటే కొత్త కథ అనుకోకూడదు. రామాయణంలో తిన్నగా యుద్ధకాండ విప్పితే ఎలా ఉంటుందో అదీ అలాగే ఉంటుంది. కొనే ముందు వీపు మీద అంకె చూడటం మొదటి నియమం.

ఇక రెండోది. మాంగాను కుడి నుంచి ఎడమకు చదవాలి. పుటలూ అంతే, పుటలోని గళ్ళూ అంతే. మీ ఊళ్ళో ఉర్దూ చదివేవారిని చూసి ఉంటారు. వారి పుస్తకం మనకు చివరి అట్ట అనిపించే వైపు మొదలవుతుంది. ఇదీ అంతే. ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు బొమ్మలను తిప్పి అచ్చు వేయవచ్చు గదా అంటారేమో! అలా తిప్పితే అద్దంలో చూసినట్టు అవుతుంది. కుడిచేత్తో అన్నం తినే పిల్లవాడు ఎడమచేత్తో తింటాడు. అందుకే చాలామంది ప్రచురణకర్తలు ఉన్నది ఉన్నట్టే ఉంచుతున్నారు.

ఇప్పుడు మూడు పుస్తకాల సంగతి చెబుతాను. మూడూ ఇంగ్లీషులో దొరుకుతవి.

మొదటిది 'యొత్సుబా'. రచయిత కియోహికో అజుమా. 2003లో ప్రారంభమైంది. యొత్సుబా అయిదేళ్ళ పిల్ల. ఆకుపచ్చని జుట్టును నాలుగు పిలకలుగా కట్టుకుంటుంది. నాన్నతో కలిసి కొత్త ఇంటికి వస్తుంది. ఆ తరువాత ఏం జరుగుతుంది? పెద్దగా ఏమీ జరగదు! ఒక రోజు చిమ్మెటలు పట్టడానికి పోతుంది, ఒక రోజు వానలో తడుస్తుంది. కాని ఆ పిల్ల కళ్ళతో చూస్తే ప్రతిదీ వింతే. ఒక్కొక్క అధ్యాయం ఒక్కొక్క చిన్న కథ కనుక ఏ సంపుటం చేతికొచ్చినా చదువుకోవచ్చు. పదహారవ సంపుటం జపానులో 2025లో వెలువడింది. ఎనిమిదేళ్ళవారి నుంచి తాతగార్ల దాకా అందరికీ పనికివస్తుంది.

రెండోది 'సెల్స్ ఎట్ వర్క్'. రచయిత్రి అకానె షిమిజు. 2015 నుంచి 2021 వరకు నడిచి, ఆరు సంపుటాలతో ముగిసింది. ఇందులో మన శరీరమే ఒక మహానగరం. ఎర్ర రక్తకణం ప్రాణవాయువు పెట్టెను మోసుకుపోయే అమ్మాయి. పాపం, మాటిమాటికీ దారి తప్పుతుంది. తెల్ల రక్తకణం కత్తి పట్టిన కావలివాడు. గాయమైనచోట గండి పూడ్చేవి చిన్నపిల్లల్లాంటి రక్తఫలకికలు. మన విజ్ఞానం పుట చదివేవారికి ఇది విందు. అయితే ఒక మాట గుర్తుంచుకోండి. నిజంగా ఎర్ర కణానికి దారి వెతుక్కునే పని లేదు; గుండె తోసిన రక్తంతో పాటు అది కొట్టుకుపోతుంది. సుమారు 120 రోజులు బతుకుతుంది. పుస్తకంలో ఏది నిజమో, ఏది కల్పనో పాఠ్యపుస్తకం పక్కన పెట్టుకుని ఏరండి. మంచి ఆట! క్రిములతో పోరాటాలలో నెత్తురు కనిపిస్తుంది కనుక మరీ చిన్నవాళ్ళకు వద్దు.

మూడోది 'బుద్ధ'. రచయిత ఒసాము టెజుకా (1928-1989). జపానులో ఈ కళకు పెద్దదిక్కు వంటివాడు. 1972 నుంచి 1983 వరకు ఈ కథ గీశాడు. ఇంగ్లీషులో ఎనిమిది సంపుటాలు. ఆకలితో పడిపోయిన ముసలి సన్యాసికి ఇవ్వడానికి ఏమీ లేక, ఒక కుందేలు తానే నిప్పులో దూకే కథతో ఇది మొదలవుతుంది. జాతక కథలలోని కుందేలే ఇది. కాని తత్త, చాప్ర వంటి పాత్రలు టెజుకా కల్పించినవి. దీనిని చరిత్ర అనుకోకండి. యుద్ధాలు, చావులు, బట్టలు లేని మనుషుల బొమ్మలు కూడా ఉన్నవి. కనుక ఇది పెద్ద తరగతులవారికి. ముందు అమ్మానాన్నలు చదివి, ఆ తరువాత ఇవ్వాలి.

ఖానాపూరు తమ్ముడికి ఈ పుస్తకం గురించి చెప్పడానికి ఇంకొక కారణం ఉన్నది. ఉత్తరం చివర అతను, "జపానోళ్ళకు ఎన్ని కథలో! మా దిక్కు ఏం కథలున్నయి?" అని రాశాడు.

తమ్ముడూ, మీ ఖానాపూరు మండలంలోనే బాదన్‌కుర్తి ఉన్నది. అక్కడ గోదావరి రెండు పాయలై ఊరిని చుట్టి పారుతుంది. బౌద్ధుల ప్రాచీన గ్రంథం 'సుత్తనిపాతం'లో బావరి అనే వృద్ధ బ్రాహ్మణుని కథ ఉన్నది. ఆయన కోసల దేశం నుంచి దక్షిణానికి వచ్చి, అస్సక రాజ్యం దగ్గర గోదావరి ఒడ్డున ఆశ్రమం కట్టుకున్నాడు. ఆ ఆశ్రమం ఉన్నచోటు బాదన్‌కుర్తే అని కొందరు చరిత్రకారుల అభిప్రాయం.

బావరి ఒక యజ్ఞం చేసి, ఉన్నదంతా దానమిచ్చేశాడు. అప్పుడు ఒకడు వచ్చి అయిదు వందల నాణేలు అడిగాడు. లేవంటే, "ఏడో రోజున నీ తల ఏడు ముక్కలవుతుంది" అని శపించాడు. బావరి దిగులుతో అన్నం మానేశాడు. తల అంటే ఏమిటో, అది పగలడమంటే ఏమిటో బుద్ధుడికి తెలుసునని ఒక దేవత చెప్పగా, పదహారుగురు శిష్యులను పంపాడు. వారు ప్రతిష్ఠానం, ఉజ్జయిని, విదిశ, కౌశాంబి, శ్రావస్తి దాటి, రాజగృహం దాకా నడిచారు. బుద్ధుడు ఏమన్నాడో తెలుసా? అజ్ఞానమే తల అనీ, దానిని పగలగొట్టేది జ్ఞానమనీ చెప్పాడు. శాపం తేలిపోయింది. ఆ శిష్యులలో ముసలివాడైన పింగియుడు తిరిగి వచ్చి, బావరికి విన్నదంతా చెప్పాడు.

చూశావా? టెజుకా జపానులో కూర్చుని మన దేశపు కథను వేల పుటలలో గీశాడు. మీ గోదావరి ఒడ్డు కథను గీయడానికి మీ ఊరివాడు ఉండవద్దా? నిర్మల్‌లో పొనికి కర్రకు ప్రాణం పోసే చేతులున్నవి. చేర్యాల నకాషీలు గుడ్డ మీద గడి తరువాత గడి గీసి, దానిని విప్పుతూ కథ చెప్పించారు. బొమ్మల కథ మనకు పరాయి విద్య కాదు.

ఇక నీ ప్రశ్నకు జవాబు. 'యొత్సుబా' మొదటి సంపుటం కొను. రెండోది కొనలేకపోయినా, అది ఒక్కటీ తృప్తినిస్తుంది. ఇంగ్లీషు కూడా సులువు. చదివి, ఒక అధ్యాయం మీ బాపుకు తెలుగులో చెప్పు. ఆయన నవ్వితే మూడో పుస్తకం సంగతి అప్పుడు అడగవచ్చు! ముప్పై ఏడో సంపుటాన్ని పారేయకు. అందులో పరుగును గీతలతో ఎలా చూపారో చూసి నేర్చుకో.

తల్లిదండ్రులకు ఒక మనవి. నలుగురు పిల్లలు తలా ఒక సంపుటం కొని మార్చుకుంటే ఖర్చు నాలుగో వంతవుతుంది. మాంగా అంతా పిల్లలదే కాదు. పెద్దలకు రాసినవీ ఉన్నవి. అట్ట మీద వయసు వేసి ఉంటే అది చూసి, నాలుగు పుటలు తిప్పి మరీ కొనండి.

పిల్లలూ, ఈ నెల మీకొక పని. బావరి కథను ఆరు గళ్ళలో గీయండి. ఆరో గడిలో ఏముండాలో మీరే ఆలోచించండి. వచ్చే నెల మళ్ళీ కలుసుకుందాం.