వేగమునకు ముందు చల్లదనము

వైశాఖ జ్యేష్ఠమాసములలో మిట్టమధ్యాహ్నమున సూర్యాపేటనుండి కోదాడ మీదుగా బెజవాడకు పోవు 65వ జాతీయ రహదారిపై ప్రయాణము చేయువారికి, చెట్టునీడన బానెట్టు తెరచుకొని నిలిచిన కారో, క్యాబిను ముందుకు వాల్చుకొని ఆవిరి గ్రక్కుచున్న లారీయో, ఖాళీ డబ్బా చేతబట్టుకొని నీళ్లకై దాబావైపు పరుగిడుచున్న క్లీనరో కనబడక మానదు. "ఈ ఎండకు మనుషులే నిలువలేకున్నారు, బండి యేమి నిలుచును?" అని నిట్టూర్చి, నాలుగు ముంతల నీళ్లు రేడియేటరులో కుమ్మరించి మరల బయలుదేరుట మన దారులపై నిత్యకృత్యమైనది. నేను చెప్పదలచినది ఒక్కటే: ఇంజను మరగిపోవుటకు ఎండ నిమిత్తమాత్రము; మూలకారణము మాఘమాసమున చేయవలసిన పనిని రోహిణీకార్తెదాక వాయిదావేయు మన అలవాటు. ఈ మాటలోని నిజము, వేడిమితో పోరాడుటయే వృత్తిగా గల పందెపు కార్లవారి పద్ధతిని పరిశీలించినచో విశదమగును.

మోటారు పందెములు మనకిప్పుడు అపరిచితములు కావు. 2023 ఫిబ్రవరి 11వ తేదీన హైదరాబాదులో హుస్సేన్‌సాగరు తీరమున, సుమారు 2.8 కిలోమీటర్ల వీధిబాటపై ఫార్ములా ఈ పందెము జరిగినది. ఆ వర్గపు పందెము భారతదేశమున జరుగుట అదియే ప్రథమము. ఫ్రెంచి చోదకుడు జాన్ ఎరిక్ వెర్న్ విజేత అయ్యెను. అవి విద్యుత్తుతో నడచు కార్లగుటచే వానిలో పెట్రోలు మండదు, పొగగొట్టముండదు. అయినను బ్యాటరీ హద్దుమీరి వేడెక్కినచో బలము తగ్గించుకొనక తప్పదు గనుక, దానిని చల్లబరచుటకు ప్రత్యేకమైన యేర్పాటు చేసికొనక వానికిని గతిలేదు. పెట్రోలు మండించు కార్ల సంగతి ఇక చెప్పనేల? సాధారణమైన ఇంజనులో ఇంధనమునుండి పుట్టు శక్తిలో ఇంచుమించు మూడవపాలు మాత్రమే చక్రములను త్రిప్పుటకు వినియోగపడును. మరియొక పాలు పొగతోపాటు వెడలిపోవును. మిగిలిన దానిని లోహమునకు చేటు రాకుండ వెలికి మోసికొనిపోవు భారము రేడియేటరుపై పడును.

ఫార్ములా వన్ కారునకు మన కార్లకువలె రేడియేటరు ఫ్యాను ఉండదు. పరుగెత్తునపుడు ఎదురువచ్చు గాలియే చోదకుని ఇరుప్రక్కలనున్న ద్వారములగుండా దూసుకొనివచ్చి రేడియేటర్లను చల్లబరచును. కావున ఆ కారు పరుగెత్తినంతసేపు క్షేమముగా నుండి, నిలిచినపుడే అపాయమున పడును. పందెమునకు ముందు కార్లను వరుసలో నిలిపినపుడు, పనివారు డ్రై ఐసును, గాలి నూదు యంత్రములను తెచ్చి ఆ ద్వారములకు ఆనించుట అందులకే. బహ్రెయిన్ వంటి ఉష్ణదేశములకు పోయినపుడు ఇంజను కప్పుమీది చీలికలను పెంచుదురు; దానివలన గాలి యడ్డు పెరిగి వేగము కొంత తగ్గునని వారెరుగుదురు, ఎరిగియే చేయుదురు. సెకనులో వెయ్యవ వంతు తేడాకై రేయింబవళ్లు శ్రమించువారు సైతము చల్లదనముకొరకు వేగమును వదలుకొనుచుండగా, సరకు సమయమునకు చేర్చవలెనను తొందరలో మనము ఉష్ణోగ్రతముల్లు ఎర్రగీత దాటినను తొక్కుచునే పోవుదుము.

ఎండకును రేడియేటరునకును గల సంబంధము చిన్న లెక్క. నీటికిని గాలికిని గల ఉష్ణోగ్రతా భేదము ఎంత యెక్కువగా నున్న, నీటి వేడి గాలిలోనికి అంత త్వరగా పోవును. లోపలి నీరు 95 డిగ్రీలుగా నుండి, బయట గాలి 25 డిగ్రీలుగా నున్న శీతకాలపు దినమున ఆ భేదము 70. గాలి 45 డిగ్రీలకు చేరిన వేసవిదినమున అది 50. అనగా రేడియేటరు అదియే, ఫ్యాను అదియే, బరువు అదియే. కాని పని చేయు శక్తిలో ఏడింట రెండుపాళ్లు తరిగిపోయినవి. కారులో ఏసీ వేసినచో రేడియేటరునకు ముందున్న కండెన్సరు తన వేడిని కూడ ఆ గాలిలోనే కలుపును. శీతకాలమున సగము పూడిన రేడియేటరు ఎట్లో నెట్టుకొనివచ్చి, వేసవిలో ఒక్కసారి చేతులెత్తివేయుటలోని రహస్యమిదియే. జబ్బు పాతది, ఎండ దానిని బయటపెట్టినది.

ఇక నీటి మాట. వేడిని మోయుటలో గ్లైకాలుకంటె నీరే సమర్థము. గ్లైకాలు చేయు మేలు మరుగుస్థానమును పెంచుట, దానితో కలిపిన మందులు చేయు మేలు తుప్పును నివారించుట. అనేక పందెపు బాటలపై గ్లైకాలు కలిపిన కూలెంటు నిషిద్ధము. అది బాటపై చిందినచో వెనుకవచ్చు చక్రములు జారును. అందుచే పందెపువారు శుద్ధజలమునే, తుప్పుపట్టనీయని మందు కలిపి వాడుదురు. కావున నీరు పోయుట తప్పు కాదు; ఏ నీరు పోయుచున్నామన్నదే ప్రశ్న. కోదాడకు ప్రక్కనున్న మేళ్లచెరువు, హుజూర్‌నగర్, మట్టపల్లి ప్రాంతములలో సిమెంటు కర్మాగారములు వెలయుటకు కారణమైన సున్నపురాయి, అచ్చటి భూగర్భజలమునందును కొంత కరగియుండును. ఇంటిలో బోరు నీరు కాచు గిన్నె అడుగున తెల్లని పెచ్చు కట్టుట గృహిణులందరెరిగినదే. ఇంజనులోపలి నీటిదారులలోను, రేడియేటరు సన్ననాళములలోను జరుగునదియు అదియే. ఆ పెచ్చు ఇనుముకంటె పదులరెట్లు తక్కువగా వేడిని ప్రసరింపజేయును గనుక, పైకి నిండుగా నీరున్నను లోపలి లోహము కాలిపోవుచునే యుండును. మరగినపుడెల్ల దాబా బోరు నీరు పోయు చోదకుడు, ఆ పూటకు బండిని కదిలించుకొని, వచ్చు వేసవికి జబ్బును విత్తుకొనుచున్నాడు.

మిర్యాలగూడ వైపు మరలినచో సమస్య వేరు రూపమున కనబడును. 1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలిన తరువాత ఎడమ కాలువ క్రింద వరి విస్తరించి, ఆ పట్టణము బియ్యపు మిల్లులకు పేరొందినది. యాసంగి కోతలు సరిగా ఎండలు ముదురు వేళకే వచ్చును. అప్పుడు పొలములలో తిరుగు వరికోత యంత్రముల రేడియేటరు జాలీపై గడ్డితునకలు, తాలు, దుమ్ము గంటలలోనే దుప్పటివలె పరచుకొనును. నిపుణుడైన ఆపరేటరు గట్టుమీద యంత్రము నాపి, ఇంజనువైపునుండి వెలుపలికి గాలికొట్టి దానిని దులుపును. నిపుణత లేనివాడు ముందువైపునుండి కొట్టి, ఆ చెత్తను రెక్కల నడుమకు మరింత దిగగొట్టును. ధాన్యపు లారీలు, ట్రాక్టర్లు మిల్లుల ముందు బారులు తీరి అంగుళమంగుళముగా కదలునపుడు, పందెపు వరుసలో నిలిచిన కారున కెదురైన కష్టమే వానికిని ఎదురగును: ఇంజను తిరుగుచుండును, ఎదురుగాలి యుండదు. అచ్చట డ్రై ఐసు తెచ్చువారున్నారు. ఇచ్చట లైను కదలువరకు ఇంజను ఆపుమని చెప్పువాడైన లేడు.

మన మెకానికుల నేర్పును నేను తక్కువ చేయను. తునిగిన హోసును, వదులైన బెల్టును చెవితో విని పట్టగలవారు వారిలో కలరు. కాని కొన్ని షెడ్లలో పాదుకొన్న ఒక ఆచారమును మాత్రము ఖండింపక తప్పదు. బండి వేడెక్కుచున్నదనగానే థర్మోస్టాటును పీకి అవతల పారవేయుదురు. నీరు సుమారు 80, 90 డిగ్రీల మధ్య వేడెక్కినపుడు తెరచుకొని, అది చల్లగా నున్నంతవరకు రేడియేటరు దారిని మూసియుంచు ఆ చిన్న సాధనము, సరిగా పనిచేయుచున్నచో ఎండలో పూర్తిగా తెరచుకొనియే యుండును; దానిని తీసివేయుటవలన లాభమేమియు లేదు. పైగా ఇంజను ఉదయమున ఆలస్యముగా వేడెక్కి ఇంధనము వృథాయగును. కొన్ని ఇంజనులలో వేడినీరు రేడియేటరునకు పోకయే పక్కదారిన తిరిగివచ్చును. చెడిపోయినచో క్రొత్తది వేయవలెనుగాని ఆ స్థానమును శూన్యముగా నుంచరాదు. రేడియేటరు మూత సంగతియు నిట్టిదే. లోపల ఒక బారు పీడనము నిలిపినచో నీరు 100 డిగ్రీలకు బదులు 120 డిగ్రీల వద్ద మరగును. మూత రబ్బరు అరిగినచో పీడనము నిలువక, నీరు ముందే మరగును. మరుగుచున్న ఇంజను మూతను గోనెసంచి చుట్టి విప్పి చేతులు ముఖము కాల్చుకొనుటయు, ఎర్రగా కాగిన ఇంజనుపై చన్నీరు కుమ్మరించి సిలిండరు హెడ్డు పగులగొట్టుకొనుటయు మన దారులపై వినని వార్తలు కావు.

పందెపువారికి ధనమున్నది, నెలవాయిదాలు కట్టుకొను లారీ యజమానికి అవియెల్ల ఎట్లు సాధ్యమని ఎవరైన అడుగవచ్చును. నేను కోరునవి వారి యంత్రములు కావు, వారి క్రమము. డబ్బాడు కూలెంటు, డిస్టిల్డ్ వాటరు, మూత, బెల్టు, థర్మోస్టాటు, వీని వెల యంతయు కలిపినను, హెడ్ గ్యాస్కెట్టు పోయి ఇంజను విప్పవలసివచ్చిన నాటి ఖర్చులో చిన్నభాగమునకైన సరిపోదు. ఆ దినములలో పోవు బాడుగ వేరు. పేదవాడు గనుకనే అతనికి ముందుజాగ్రత్త మరింత అవసరము.

కావున నా మనవి నలుగురికి. రవాణాశాఖవారు ఫిట్‌నెస్ పరీక్షలలో బ్రేకులను, దీపములను చూచినంత శ్రద్ధతో రేడియేటరును, హోసులను కూడ చూతురుగాక. డ్రైవింగు స్కూళ్లవారు ఉష్ణోగ్రతముల్లు లేచినపుడు బండిని ప్రక్కకు తీసి, ఇంజను నాపి, చల్లారువరకు మూత ముట్టరాదని మొదటి పాఠమునందే నేర్పుదురుగాక. మిల్లులవారు ధాన్యపు బండ్లకు సమయము నిర్ణయించి టోకెన్లిచ్చి, వేచియుండుటకు నీడ కల్పింతురుగాక. యజమానులు శివరాత్రి దాటకమునుపే నీటిదారులను కడిగించి, మంచి కూలెంటు నింపించి, అటుపిమ్మట బోరు నీటిని దరిజేరనీయకుందురుగాక. ఎండను తగ్గించుట మన చేతిలో లేదు. రేడియేటరు మాత్రము మన చేతిలోనే యున్నది.