ధూమపానము – పొగచుట్ట : ఒక అర్థవిపర్యాసము

భోజనానంతరము చుట్ట కాల్చుటలోని సుఖమును సమర్థింపదలచినవారు ‘ధూమపానము శాస్త్రోక్తమే కదా’ యని చరకుని సాక్షిగా నిలుపుట కలదు. ఈ వాదమునకు మూలమున బలమెంతయో విచారింపదగియున్నది.

చరకసంహిత సూత్రస్థానమున 5వదియగు మాత్రాశితీయాధ్యాయమునందును, అష్టాంగహృదయ సూత్రస్థానమున 21వ అధ్యాయమునందును ధూమపానవిధి చెప్పబడినది. చరకుని ప్రాయోగికవర్తి చందనము, ఏలకులు, వట్టివేరు, గుగ్గులు, అగరు మున్నగు ద్రవ్యములను నూరి, రెల్లుపుల్లకు పూసి, ఆరిన పిదప పుల్లను తీసివేసి చేయునట్టిది. అది బొటనవ్రేలి లావున 8 అంగుళముల పొడవుండును. స్నానము, భోజనము, తుమ్ము, దంతధావనము, నిద్ర మున్నగువాని పిదప 8 కాలములు దానికి విధింపబడినవి. పీల్పులకును లెక్క కలదు. నోటితో పీల్చిన పొగను ముక్కుతో విడువరాదు. విడిచినచో కన్నులకు హాని. ప్రాయోగికధూమమునకు గొట్టము 36 అంగుళములు, మూడు కణుపులు కలది. పొగ దూరమునుండి కణుపులలో విరిగి సన్నబడి వచ్చుటచే ఇంద్రియములను బాధింపదని ఆచార్యుని ఉపపత్తి. అకాలమున, అతిగా త్రాగినచో చెవుడు, అంధత్వము, మూగతనము, రక్తపిత్తము, శిరోభ్రమము కలుగునని హెచ్చరిక.

ఇందెచ్చటను పొగాకు లేదు, ఉండుటకును వీలులేదు. ఆ మొక్క అమెరికా ఖండమునకు చెందినది. పోర్చుగీసువారి ద్వారమున ఈ దేశమునకు వచ్చినది. బిజాపురమునుండి అసద్ బేగ్ దానిని అక్బరు కొలువునకు తెచ్చినది 17వ శతాబ్ది తొలి సంవత్సరములలో. జహంగీరు 1617లో నిషేధించెను. ‘తమాలపత్ర’ శబ్దమును చూపి ప్రాచీనతను సాధింపజూచుటయు నిలువదు. అమరకోశమున ఆ శబ్దము తిలకమునకు పర్యాయము. ‘పొగాకు’, ‘చుట్ట’ యనునవి అచ్చతెనుగు పదములే. కాని పదము దేశ్యమైనంత మాత్రమున పదార్థము ప్రాచీనము కానేరదు.

అయినను చుట్ట రుచి తెలిసినవారి అనుభవమునకును శాస్త్రమునకును ఒకచోట పొత్తు కలదు. గోదావరి లంకపొగాకు చుట్టనైనను, క్యూబా చుట్టనైనను వడివడిగా పీల్చినచో వేడెక్కి చేదగును. పొగను గుండెలలోనికి దింపక, నిదానముగా, భోజనానంతరము ఒకటితో తృప్తిపడువానికే దాని స్వాదము తెలియునందురు. సుఖము మాత్రాధీనమనుటయే ఇచ్చటి సారము. అట్లని మాత్ర పొగాకును ఔషధముగా మార్పదు. లోనికి పీల్వకున్నను నోటికి, గొంతునకు క్యాన్సరు భయము తప్పదు. ఉత్తరకోస్తా పల్లెలలో నిప్పుకొనను నోటిలో నుంచుకొని ‘అడ్డపొగ’ త్రాగు స్త్రీలకు అంగిటి క్యాన్సరు కలుగుట వైద్యులెరిగిన విషయము. చుట్టకు శాస్త్రప్రతిష్ఠ కల్పించు పండితుని మాట అట్టి యిండ్లకును చేరును. వేడుకకు పలికిన ప్రమాణమైనను వినువానికి ప్రమాణమే.

గురజాడవారి ‘కన్యాశుల్కము’న గిరీశము నోట వినవచ్చు పద్యమొకటి పొగాకును అమృతబిందుసంభవముగా వర్ణించును. అది పరిహాసమని పాఠకుడెరుగును గనుకనే రసము పండినది. మూలమును చూడక చరకుని పేర్కొనువారు గిరీశము స్థానమున నిలుచుచున్నారు. అయితే వారికి నవ్వు రాదు, అంతే భేదము.

ఇక అధ్యాపకుల కర్తవ్యము. బహిరంగస్థలములలో పొగత్రాగుట 2008 అక్టోబరు 2 నుండి దేశమంతట నిషేధింపబడినది. నేటి విద్యార్థికి ‘ధూమపానము’ నిషేధఫలకముపై కనబడు మాట. చరకునకది దినచర్యలో ఒక విధి. ఒకే శబ్దము విధినిషేధములు రెంటికిని వాచకమైనప్పుడు వ్యాఖ్యానము లేని పాఠము అనర్థహేతువగును. కావున దినచర్యాప్రకరణమును బోధించునప్పుడు ‘ఔషధధూమపానము’ అని విశేషణముతో చెప్పుట, ద్రవ్యములను పేరుపేరున వివరించుట, పొగాకు అందు లేదని స్పష్టపరచుట అవసరము. చుట్ట కాల్చువాడు తన సుఖమునకు తానే బాధ్యుడు. ఆ భారమును ఋషులపై మోపుట మాత్రము న్యాయము కాదు.